యోనస్, యోనో, యోనుయ్: ముగ్గురూ ఒకరే (విల్నియస్ ప్రాజెక్టు డైరీ)

జనవరి 8

మొదటి రోజు. బయట మైనస్ 11, లోపల రాతప్రతుల విభాగంలో 18. అంతకంటే హీటర్ పెంచరు. కాగితాలకి చల్లదనమే సుఖమట. మనుషుల సుఖం ఎవరూ అడగలేదు కాబట్టి రెండు స్వెట్టర్లు వేసుకుని కూర్చున్నాను.

పని ఇది. లిథువేనియన్ భాషాశాస్త్రం చెప్పిన ఒక ప్రొఫెసరు గారి సొంత కాగితాలు 31 అట్టపెట్టెల్లో లైబ్రరీకి వచ్చాయి. ఆయన పోయి యాభై ఏళ్లు దాటింది. జ్వెరీనస్ అని లిథువేనియా రాజధాని విల్నియస్‌లో పాత చెక్క ఇళ్లు ఇంకా మిగిలిన పేట ఒకటుంది. అక్కడి ఇల్లు అమ్మేస్తూ మనవరాలు ఇవన్నీ అటక మీంచి దింపించింది. ఆ కుటుంబం వద్దంది కాబట్టి ఆయన పేరుగానీ లైబ్రరీ పేరుగానీ ఈ డైరీలో రాయను.

నాది రెండు నెలల ఇంటర్న్‌షిప్. నా లిథువేనియన్ కూరగాయలు కొనుక్కోవడానికి సరిపోతుంది, అంతే. అయినా నన్నే ఎందుకు తీసుకున్నారంటే, మూడు పెట్టెల్లో నాగరి లిపిలో రాసిన కాగితాలు కనిపించాయి, ఇక్కడ చదవగలిగేవాళ్లెవరూ లేరు. బళ్లో హిందీ సెకండ్ లాంగ్వేజ్ ఇంత దూరం వచ్చి పనికొస్తుందని ఎవరనుకున్నారు!

ఒక మనిషి వెనక మిగిలిన కాగితాల మొత్తాన్ని ఇక్కడ ‘ఫొందస్’ అంటారు. దానికో నంబరు. లోపల ప్రతి ఫోల్డరుకీ ఒక నంబరు. ఫోల్డరులో ప్రతి కాగితానికీ కుడివైపు పైమూల మెత్తటి పెన్సిల్‌తో ఒక నంబరు. ఎవరైనా చదవడానికి వస్తే ఈ మూడు నంబర్లు చెబితే చాలు, ఏ ఉత్తరమైనా బల్ల మీదికి వస్తుంది. చెప్పడానికి అంత తేలిక.

జనవరి 9

రోజంతా జెమ్ క్లిప్పులు, గుండుసూదులు, స్టేప్లర్ పిన్నులు పీకడమే.

నవ్వకండి. అరవై డెబ్బై ఏళ్ల క్లిప్పు తుప్పుపట్టి కాగితంలో కలిసిపోయి ఉంటుంది. మామూలుగా లాగితే క్లిప్పుతో పాటు కాగితం ముక్క కూడా ఊడొస్తుంది, ఆ ముక్క మీదే తారీఖు ఉంటుంది. అందుకని క్లిప్పుకీ కాగితానికీ మధ్య పల్చటి ప్లాస్టిక్ పట్టీ ముందో ముక్క, వెనకో ముక్క దూర్చాలి. తర్వాత క్లిప్పుని లాగకుండా, చివర పట్టుకుని నెమ్మదిగా విప్పాలి. పిన్ను అయితే వెనకవైపు కాళ్లు రెండూ సన్నటి స్పాచులాతో నిలబెట్టి ముందు నుంచి ఎత్తాలి. కింద గోధుమరంగు మచ్చ మిగులుతుంది, దాన్ని మనం ఏమీ చెయ్యం.

సాయంత్రానికి ఒకటిన్నర పెట్టె అయింది. గ్లాసు నిండా తుప్పు. చేతులకి గుడ్డ గ్లవుజులు వద్దన్నారు, అవి వేసుకుంటే వేళ్లకి స్పర్శ తెలియక కాగితం చిరుగుతుంది. సబ్బుతో కడిగి పొడిగా తుడుచుకుంటే చాలు. ఫొటోలకి మాత్రం రబ్బరు గ్లవుజులు.

జనవరి 13

పొద్దున ఎనిమిదింటికి చాలా కిటికీల్లో కొవ్వొత్తులు వెలిగాయి. 1991లో ఇదే రోజు సోవియట్ సైన్యం టీవీ టవర్ మీదికి వచ్చినప్పుడు పోయినవాళ్ల కోసం. మా విభాగంలో అందరి కోటుల మీదా నీలం పువ్వు బ్యాడ్జి. నాకూ ఒకటి ఇచ్చారు.

మధ్యాహ్నం అమ్మ వీడియో కాల్. భోగి మంటకి సామాను పోగేస్తున్నారు, విరిగిన కుర్చీ, పాత తడకలు, ఇంకా “మీ తాతయ్య బీరువాలో ఏవో చెత్త కాగితాలున్నాయి నాన్నా, అవి కూడా వేసేద్దామా” అంది. నేను వెయ్యొద్దని ఎంత గట్టిగా అరిచానంటే పక్క బల్ల దగ్గరివాళ్లు తలెత్తి చూశారు.

జనవరి 15

ఇన్‌ఛార్జి మేడమ్‌తో మొదటిసారి చీవాట్లు. ఇక్కడ చిన్నవాళ్లని కూడా ‘యూస్’ అంటారు, అంటే మీరు. మీరు అంటూనే చక్కగా చీవాట్లు పెట్టొచ్చని ఈ రోజు తెలిసింది.

నేను చేసింది: 6వ పెట్టెలో ఉత్తరాల మధ్య వంట చీటీలు, కరెంటు బిల్లులు, మందుల చీటీలు కలిసిపోయి ఉంటే వేరు చేసి పక్కన పెట్టాను. శుభ్రం చేస్తున్నాననుకున్నాను. “ఎవరు ఎందుకు ఆ చీటీని ఆ ఉత్తరం పక్కన పెట్టారో మీకు తెలుసా? తెలియనప్పుడు ముందు ఉన్నది ఉన్నట్టు రాసుకోండి, కదపడం తర్వాత” అన్నారు. అదృష్టం, మొదలుపెట్టేముందు ఫోన్‌లో ఫొటోలు తీశాను. వాటిని చూస్తూ మళ్లీ పాత వరసలో పెట్టేసరికి సాయంత్రం ఆరు.

జనవరి 20

నాగరి కాగితాలు తెరిచాను. గళ్ల నోటుపుస్తకం, ప్రతి పేజీలో నిలువుగా గీత. ఎడమవైపు లిథువేనియన్ మాట, కుడివైపు సంస్కృతం. అక్షరాలు ఒకటో తరగతి పిల్లాడివిలా ఉన్నాయి, పైగీత ఒక్కోచోట అక్షరాల్ని తాకనే లేదు. ఉగ్నిస్, అగ్ని. దూమై, ధూమ. దంతిస్, దంత. మెదుస్, మధు. అవిస్, అవి (గొర్రె). సూనుస్, సూను. దియేవస్, దేవ. అలా 40 పేజీలు.

బతికున్న భాషల్లో ఇంత పాత రూపాలు నిలుపుకున్నవి తక్కువ కాబట్టే 19వ శతాబ్దంలో జర్మనీ పండితులు ఈ భాష వెంటపడ్డారు. ఆగస్ట్ ష్లైకర్ 1852లో, జర్మన్ల ఏలుబడిలో ఉన్న తూర్పు ప్రష్యా పల్లెల్లో తిరిగి రైతుల నోటి నుంచి విని వ్యాకరణం రాసుకున్నాడు.

మేడమ్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మాటా మాటా చదివించారు. ఆవిడకి నేనేదో ఈ భాషకి దగ్గరి చుట్టంలా కనిపించాను. అప్పుడు చెప్పాల్సి వచ్చింది: మేడమ్, మా ఇంట్లో అగ్నిని నిప్పు అంటాం, ధూమాన్ని పొగ అంటాం, మధువుని తేనె అంటాం. సంస్కృతం మాటలు మాకు అరువు, మీకు సొంతం. కాసేపు నిరాశపడ్డారు. తర్వాత నిప్పు అన్న మాట రెండుసార్లు అని చూసుకున్నారు.

జనవరి 21

భోజనాల దగ్గర పోష్కా కథ. అంతానస్ పోష్కా అని, 1929లో మాతస్ షల్చుస్ అనే జర్నలిస్టుతో కలిసి లిథువేనియా నుంచి మోటారు సైకిల్ మీద ఇండియాకి బయల్దేరాడు. దారిలో ఇద్దరికీ పొసగక విడిపోయారు. పోష్కా మాత్రం బొంబాయి చేరి యూనివర్సిటీలో చదువుకున్నాడు, తర్వాత కలకత్తా. తిరిగి వచ్చాక, 1945లో, సోవియట్లు అరెస్టు చేశారు. ఏళ్ల తరబడి శిక్ష. అయినా రాయడం మానలేదు, 1992 దాకా బతికాడు. షల్చుస్ 1940లో బొలీవియాలో పోయాడు.

మా ప్రొఫెసరు గారు ఎప్పుడూ ఇండియా రాలేదు. నోటుపుస్తకంతోనే సరిపెట్టుకున్నారు.

జనవరి 23

స్కానర్ దగ్గర క్యూ. ఏమీ జరగలేదు.

జనవరి 27

ఉత్తరాలు రాసినవాళ్ల జాబితా పూర్తయింది! 61 మంది. ఎక్సెల్‌లో రంగులు కూడా వేశాను. రేపు చూపిస్తాను.

జనవరి 28

61 కాదు. 38.

పరువు పోయింది కానీ ఎలా పోయిందో రాసుకోవాలి. ముందు, యోనస్ సంగతి. మా ప్రొఫెసరు గారి స్నేహితుల్లో ఒకాయన యోనస్. కవరు మీద ‘యోనుయ్’ అని ఉంటే అది ఒకరు, లోపల ‘యోనై’ అని ఉంటే ఇంకొకరు, అట్ట మీద ‘యోనో ఉత్తరాలు’ అని ఉంటే మూడో మనిషి అనుకున్నాను. ముగ్గురూ ఒకరే. పేరుకి కూడా విభక్తులు! యోనో అంటే యోనస్ యొక్క, యోనుయ్ అంటే యోనస్‌కి, యోనై అంటే ఓ యోనస్. చిన్నప్పుడు తెలుగు మాస్టారు “సంబోధన ప్రథమా విభక్తి” అని అరిచి చెప్పించింది గుర్తొచ్చింది. రాముడు ఒకడు, ఓ రామా ఇంకొకడు అని ఏ తెలుగువాడైనా అనుకుంటాడా? నేను సరిగ్గా అదే చేశాను.

రెండోది ఆడవాళ్ల ఇంటిపేర్లు. మేడమ్ కాగితం తీసుకుని చుర్లియోనిస్ కుటుంబాన్ని గీసి చూపించారు. ఆయన చిత్రకారుడు, సంగీతకారుడు, 1911లో 35 ఏళ్లకే పోయాడు, ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆయన ఇంటిపేరు చుర్లియోనిస్. భార్య సోఫియా రచయిత్రి. పెళ్లికి ముందు కీమంతైతే, పెళ్లయ్యాక చుర్లియోనియెనే. కూతురు దనూతే మొదట చుర్లియోనితే, పెళ్లయ్యాక జుబోవియెనే. ఒక ఇంట్లో ముగ్గురు, ఇంటిపేర్లు అయిదు. ‘ఐతే’, ‘ఇతే’ లాంటివి వస్తే పెళ్లికానిది, ‘ఇయెనే’ వస్తే పెళ్లయినది.

మన దగ్గరా పెళ్లితో ఇంటిపేరు మారుతుంది కదా, ఇందులో వింతేముంది అనుకోవచ్చు. తేడా ఏమిటంటే, ఇక్కడ సంతకం చూస్తే ఆ ఉత్తరం పెళ్లికి ముందుదో తర్వాతదో తెలుస్తుంది. కానీ ఆ ఇద్దరూ ఒకే మనిషి అని మాత్రం సంతకం చెప్పదు. అది ఎవరో ఒకరు జాబితాలో రాయాలి. రాయకపోతే ఆవిడ జీవితం మధ్యకి తెగిపోయి రెండు ఫోల్డర్లలో ఉండిపోతుంది.

కాబట్టి నియమం: మనిషికి ఒక్కటే కార్డు, మిగతా రూపాలన్నీ దాని కిందే. మళ్లీ మొదటి నుంచి.

38 మందిలో ఒకరు ఎవరో తేలలేదు. ‘ఓ.’ అని మాత్రం సంతకం. 14 ఉత్తరాలు, కవర్లు లేవు. ‘గుర్తించని వ్యక్తి’ ఫోల్డరులో పెట్టాను.

ఫిబ్రవరి 4

తారీఖులతో కుస్తీ. ప్రొఫెసరు గారి నాన్నగారి కాగితాలు కొన్ని రష్యా చక్రవర్తి కాలంవి, వాటి మీద రెండేసి తారీఖులు. పాత కేలండరుకీ కొత్త కేలండరుకీ 13 రోజుల తేడా. కౌనస్ అనే ఊళ్లో నేమునస్ నది ఒక గట్టు రష్యా కేలండరు, అవతలి అలెక్సోతస్ గట్టు యూరప్ కేలండరు. అందుకని అక్కడి వంతెన ప్రపంచంలోనే పొడవైనది, దాటడానికి 13 రోజులు పడుతుంది అని జోకు. జాబితాలో ఏ గట్టు తారీఖు వేశానో కూడా రాయాలి.

ఊరి పేరుదీ అదే గొడవ. వీల్నా అంటే రష్యన్ల కాలం, విల్నో అంటే పోలండు చేతిలో ఉన్న 1920, 30లు, విల్నియస్ అంటే తర్వాత. తారీఖు లేని ఉత్తరానికి ఊరి పేరే తారీఖు.

ఫిబ్రవరి 11

11వ పెట్టె. కవర్లు లేవు, కాగితాన్నే త్రికోణంగా మడిచి పైన అడ్రసు రాశారు. సైబీరియా నుంచి. 1941 జూన్ 14న మొదలై లిథువేనియా నుంచి వేలమందిని సోవియట్లు రైళ్లలో తరలించారు, ప్రొఫెసరు గారి బావగారి కుటుంబం కూడా అందులో ఉంది. ఒక ఉత్తరంలో మూడు లైన్ల మీద సెన్సారువాడు నల్ల సిరా పూశాడు. వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూశాను, ఏమీ కనపడలేదు. మిగిలిన లైన్లలో ఉల్లిపాయలు అందాయని ఉంది.

ఇవన్నీ ప్రొఫెసరు గారి భార్య పేర వచ్చినవి. ఆయన పేర ఒక్కటీ లేదు. యూనివర్సిటీ ఉద్యోగస్తుడికి అక్కడి నుంచి ఉత్తరాలు రావడం మంచిది కాదు, అందుకని కావచ్చు అన్నారు మేడమ్. “కావచ్చు అని మాట్లాడుకుందాం, జాబితాలో మాత్రం రాయొద్దు” అని కూడా అన్నారు.

ఫిబ్రవరి 16

సెలవు. 1918లో ఇదే రోజు విల్నియస్‌లో 20 మంది స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకాలు పెట్టారు. ఆ సభకి అధ్యక్షుడు డాక్టర్ యోనస్ బసనావిచుస్. రష్యా పాలనలో లాటిన్ అక్షరాల్లో లిథువేనియన్ అచ్చువెయ్యడం నిషేధంగా ఉన్న 40 ఏళ్లలో (1864 నుంచి 1904 దాకా), 1883లో ప్రష్యాలో ‘ఔష్రా’ పత్రిక అచ్చు వేయించినవాళ్లలో ఆయన ముఖ్యుడు. ఔష్రా అంటే తెల్లవారుజాము, మన ఉషస్సుకి చుట్టమే. ఆయన పోయింది కూడా ఫిబ్రవరి 16నే, 1927లో.

జెండాలు చూసి, నది ఒడ్డున వ్రుబ్లెవ్స్కీ లైబ్రరీ దాకా నడిచాను. తదేయుష్ వ్రుబ్లెవ్స్కీ అనే వకీలు 1912లో నెలకొల్పిన లైబ్రరీ అది, 1941 నుంచి సైన్స్ అకాడమీది. పండితుల సొంత కాగితాలకి ఈ ఊళ్లో పేరున్న చోటు. సెలవు కదా, మూసి ఉంది. ఆ మాత్రం తట్టలేదు నాకు.

ఆ ప్రకటన అసలు ప్రతి దశాబ్దాల పాటు దొరకలేదు. 2017లో ల్యూదస్ మజీలిస్ అనే ప్రొఫెసరు బెర్లిన్ వెళ్లి జర్మనీ విదేశాంగ శాఖ దస్తావేజుల్లో వెతికితే దొరికింది. ఎవరూ దాచిపెట్టలేదు. పాత ఫైళ్ల మధ్య దాని చోట అది ఉంది.

ఫిబ్రవరి 24

ఈ రోజుది వివరంగా రాయాలి.

17వ పెట్టెలో మాండలికాల మీద ప్రొఫెసరు గారి పెద్ద రాతప్రతి ఉంది. టైపు చేసింది, 312 పేజీలు. ఈ భాషలో స్వరం మారితే అర్థం మారుతుంది. ఔక్ష్తస్ అని మొదట్లో స్వరం దించుతూ పలికితే ఇంటి అంతస్తు, స్వరం పైకి తీసుకెళ్తూ పలికితే పొడుగైనది. అందుకని మాండలికం రాసినప్పుడు దాదాపు ప్రతి మాట మీదా స్వరచిహ్నం ఉండాలి. టైపు మిషన్ మీద ఆ గుర్తులు లేవు. మొత్తం చేత్తో పెట్టారు. సన్నటి పాళీ, ఊదారంగు సిరా. పేజీకి రెండు వందలకి తక్కువ ఉండవు. ఒక్క చోట కూడా సిరా అలుక్కోలేదు.

లెక్క ప్రకారం ఇవి ఆయనవే. కానీ ఆయన అక్షరం నాకు ఇప్పుడు తెలుసు, కుక్క పీకిన విస్తరిలా ఉంటుంది. ఈ గుర్తులు పెట్టిన చెయ్యి వేరు. ముఖ్యంగా ‘జ్’ అక్షరం (ž) మీద వచ్చే చిన్న కొక్కెం. అందరూ ఇంగ్లీషు ‘V’ ఆకారంలో గీస్తారు. ఇందులో కుడికాలు పొడుగ్గా, కొస కాస్త లోపలికి తిరిగి ఉంది. ఎక్కడో చూశాను, ఎక్కడో చూశాను అని గంటసేపు.

‘ఓ.’ ఉత్తరాల్లో.

ఆ ఫోల్డరు తీసుకొచ్చి పక్కన పెట్టి భూతద్దంలో చూశాం. అదే కొక్కెం, అదే లోపలి వంపు. త్రికోణం ఉత్తరాలకి ప్రొఫెసరు గారి భార్య రాసిన జవాబుల చిత్తుప్రతులు 11వ పెట్టెలో రెండున్నాయి, వాటిలోనూ అదే. అంటే ‘గుర్తించని వ్యక్తి’ ప్రొఫెసరు గారి భార్య. ఆ 14 ఉత్తరాలూ పెళ్లికి ముందువి. నేనే ఆవిణ్ణి రెండు ముక్కలు చేసి, ఒక ముక్కకి పేరు కూడా లేకుండా పెట్టెలో పెట్టాను.

మేడమ్ అంత తొందరగా ఒప్పుకోలేదు. అక్షరం పోలిక సాక్ష్యమే గానీ రుజువు కాదట. “‘బహుశా’ అని రాయండి. ఇంకేదైనా దొరికితే ‘బహుశా’ తీసేద్దాం.”

ఫిబ్రవరి 27

దొరికింది. అదీ ఎక్కడ? 6వ పెట్టెలో, నేను చెత్త అనుకుని తీసిపారేయబోయిన చీటీల్లో. ఒకవైపు బజారు చీటీ: పాలు, బీట్‌రూట్, అగ్గిపెట్టెలు. తిరగేస్తే ఆవిడ చేతిరాత: “114 నుంచి 131 వరకు స్వరాలు ఇంకా పెట్టలేదు, నువ్వు ముట్టుకోకు.” కింద ‘ఓ.’

జనవరి 15న మేడమ్ తిట్టకపోతే ఈ చీటీ ఎక్కడుండేదో నాకు బాగా తెలుసు.

మార్చి 3

వాదన రోజు. ఫొందస్ పేరులో ఆవిణ్ణి కూడా చేర్చాలని నేను. కుదరదని మేడమ్. కాగితాలు పోగుపడింది ఆయన పని చుట్టూ, ఫొందస్ ఆయన పేరనే ఉంటుంది, నువ్వు ఇప్పుడు న్యాయం చెయ్యాలని మారిస్తే రేపు వెతికేవాళ్లు దారి తప్పుతారు అన్నారు. (కోపంలో ‘నువ్వు’ లోకి దిగారు, నాకదే బాగుంది.) నాకు నచ్చలేదు గానీ ఆవిడ చెప్పినదాంట్లో తప్పేమీ కనపడలేదు.

చివరికి తేలింది ఇది. ఫొందస్ పేరు మారదు. లోపల ఆవిడ పేర ఒక విభాగం, పెళ్లికి ముందు పేరు, తర్వాతి పేరు రెండూ పెట్టి. సైబీరియా ఉత్తరాలు అందులోకి. 312 పేజీల రాతప్రతి వివరణలో ఒక లైను: స్వరచిహ్నాలు ఆవిడ చేతివి, చూడు ఫలానా ఫోల్డరు, ఫలానా కాగితం. బజారు చీటీకి సొంతంగా నంబరు వచ్చింది.

ఇంకో చిక్కు కూడా మిగిలింది. ఉత్తరం కాగితం లైబ్రరీది, కానీ రాసినవాళ్లు పోయిన 70 ఏళ్ల దాకా కాపీరైటు వాళ్ల వారసులదే. అందుకని ‘ఓ.’ ఉత్తరాలు ఇప్పుడే ఆన్‌లైన్‌లో పెట్టకూడదు. మనవరాలి అనుమతి కోసం మెయిల్ పెట్టాం.

మార్చి 6

అమ్మ ఫోన్. తాతయ్య బీరువాలోవి చెత్త కాగితాలు కావట, ఇనప తీగకి గుచ్చిన ఉత్తరాల గుత్తి. తీగ లాగి తీస్తానంది. లాగొద్దమ్మా, అలాగే ఉంచు, ఫొటో తీసి పంపు అన్నాను. “ఏమిట్రా నీ చాదస్తం” అంది. ఫొటో ఇంకా రాలేదు.

మార్చి 10

రేపు సెలవు, 1990 స్వాతంత్ర్య పునరుద్ధరణ రోజు. గురువారంతో నా ఇంటర్న్‌షిప్ అయిపోతుంది. లెక్క: 31లో 19 పెట్టెలు పూర్తి, 3 సగంలో, మిగిలినవి తర్వాత వచ్చేవాళ్లకి. మనవరాలి నుంచి అనుమతి వచ్చింది, ‘ఓ.’ ఉత్తరాలు స్కానింగ్ క్యూలో ఉన్నాయి. క్యూ గురించి ముందే రాశాను.

సాయంత్రం 22వ పెట్టె అడుగున కళ్లద్దాల పెట్టె దొరికింది. లోపల గుండ్రటి అద్దాలు, ఒక కాడకి దారం చుట్టి ఉంది. కాగితం కాని వస్తువుకి వేరే ఫారం నింపి మ్యూజియం వాళ్లకి పంపాలి. ‘ఎవరివి’ అన్న గడిలో పెన్సిల్‌తో ప్రొఫెసరు గారి పేరు రాసేశాను. తర్వాత ఎందుకో అనుమానం వచ్చి మనవరాలికి ఫొటో తీసి మెసేజ్ పెట్టాను.

పది నిమిషాల్లో జవాబు: “తాతయ్యకి చివరిదాకా చూపు బాగానే ఉండేది. కళ్లద్దాలు పెట్టుకోలేదు.”

రబ్బరు తీసుకుని గడి చెరిపాను.